నీళ్ల సీసాలో బాణం

నీలవేణికి బెంగ పట్టుకుంది.

ఆమె విజయవాడలో ఒక టీవీ చానెల్‌కి పదో తరగతి సైన్సు పాఠాలు చెబుతుంది. ఆదివారం పొద్దున వచ్చే ఆ అరగంట కోసం వారమంతా కష్టపడుతుంది. మాట తడబడదు, బొమ్మ తప్పుపోదు. పెద్దవాళ్లు చూసి ఎంత బాగా చెబుతుందో అని మెచ్చుకుంటారు. పిల్లలు మాత్రం సగంలోనే లేచిపోతున్నారు.

డైరెక్టరు శేషాచలం మొహమాటపడుతూనే చెప్పేశాడు. "ఇలాగే ఉంటే వేసవి తర్వాత మన కార్యక్రమం ఉండదమ్మా. ఆ టైముకి వంటల పోటీ వేద్దామనుకుంటున్నారు."

లోపమెక్కడుందో ఆమెకు ఎంత ఆలోచించినా తట్టలేదు. చిన్నప్పుడు సోంపేటలో తనకు సైన్సు చెప్పిన బెహరా మాస్టారు గుర్తొచ్చారు. శనివారం రైలెక్కింది.

మాస్టారు రిటైరయ్యారు గాని ఇల్లు మాత్రం ఇంకా బడిలాగే ఉంది. నీలవేణి చెప్పిందంతా విని, "రేపు పాఠం వస్తుంది కదా, పిల్లలతో కూచుని చూద్దాం" అన్నారు.

ఆదివారం పొద్దున్నే ఆ వీధిలో పదో తరగతి చదివే పిల్లలంతా వచ్చి హాల్లో చాపల మీద సర్దుకున్నారు. టీవీలో కనపడే మేడమే తమ పక్కన కూచుంటే వాళ్ల ఆనందం అంతా ఇంతా కాదు. ఒకసారి తెరకేసి, ఒకసారి ఆమెకేసి చూసి కిసుక్కున నవ్వుకుంటున్నారు.

ముందే రికార్డు చేసిన పాఠం మొదలైంది. తెర మీద నీలవేణి కాగితం మీద బాణం గీసి చూపించింది.

"ఈ బాణం కుడివైపు చూస్తోంది కదా. నీళ్లు నింపిన గాజు సీసా వెనక ఈ కాగితం పెట్టి, మెల్లగా వెనక్కి జరిపాం అనుకోండి. సీసాలోంచి చూస్తే బాణం ఎటు చూస్తుంది?"

మాస్టారు టప్పున టీవీ కట్టేశారు.

నీలవేణి ఉలిక్కిపడింది. "అయ్యో మాస్టారూ! అసలు సంగతి ఇప్పుడే కదా చెప్పబోతున్నాను!"

మాస్టారు పళ్లెం ఆమె ముందుకు జరిపారు. "జంతికలు తినమ్మా. వరహాలు పొద్దున్నే చేసింది."

వరహాలు అంటే మాస్టారి భార్య, వరహాలమ్మ. గురువుగారు పెట్టింది కాదనలేక నీలవేణి ఒక జంతిక నోట్లో వేసుకుంది. లోపల మాత్రం మనసు చివుక్కుమంది.



"ఎటు సూస్తాది? గీసినట్టే సూస్తాది" అన్నాడు ఢిల్లేశు అనే కుర్రాడు.

"అలాగైతే మేడమ్ ఎందుకు అడుగుతారు?" అంది రోహిణి.

"బాణమే కనపడదేమో."

"నీళ్లలోంచి ఎందుకు కనపడదురా?"

అంతే, హాలంతా సంతయిపోయింది. రోహిణి లేచి వంటింట్లోకి పరిగెత్తింది. అక్కడన్నీ స్టీలు గ్లాసులే. అలమరలో ఒక్క గాజు సీసా కనపడింది.

"అందులో ఉప్పుందే!" అని వరహాలమ్మ అరిచేలోపే ఉప్పు పళ్లెంలోకి, నీళ్లు సీసాలోకి వచ్చేశాయి.

ఢిల్లేశు కాగితం మీద బాణం గీసి సీసా వెనక పట్టుకున్నాడు. సీసాకి ఆనించినప్పుడు బాణం గీసినట్టే ఉంది. "సెప్పాను కదా!" అన్నాడు గర్వంగా. రోహిణి అతని చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. బాణం లావైంది, చెదిరింది, ఉన్నట్టుండి ఎడమవైపు తిరిగి కూచుంది.

పిల్లలు పెట్టిన కేకకి పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూశారు. నేను చూస్తానంటే నేను చూస్తానని పిల్లలు ఒకళ్లనొకళ్లు తోసుకున్నారు. బాణం పక్కన పేర్లు రాశారు. పేర్లు తిరగబడ్డాయి. అందరికంటే ఎక్కువగా ఢిల్లేశే గంతులేశాడు.

నీలవేణి ఆగలేకపోయింది. "ఎందుకలా జరిగిందంటే, కాంతి కిరణాలు..."

మాస్టారు ఇంకో జంతిక ఆమె చేతిలో పెట్టారు.

అప్పటిదాకా మూలన ఊరికే చూస్తున్న పూర్ణ అనే అమ్మాయి నెమ్మదిగా అడిగింది. "కుడి ఎడమయింది. మరి పైది కిందికి ఎందుకు రాలేదు?"

పిల్లలంతా నీలవేణి వైపు తిరిగారు. ఇన్నేళ్లలో ఆమెనెవరూ ఈ ప్రశ్న అడగలేదు. జవాబు నాలుక చివరే ఉంది. ఆమె ఒకసారి మాస్టారి వైపు చూసింది. ఆయన కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నారు.

ఈసారి నీలవేణి తనే ఒక జంతిక తీసుకుని కరకరా నమిలింది.

పిల్లలకు అర్థమైపోయింది, ఈవిడ చెప్పదని. మళ్లీ సీసా చుట్టూ మూగారు. కాసేపటికి పూర్ణే సీసా మూత గట్టిగా బిగించి దాన్ని అడ్డంగా పడుకోబెట్టింది. ఢిల్లేశు బాణం పైకి చూసేలా కాగితం పట్టుకుని వెనక్కి జరిపాడు. బాణం తలకిందులైంది.

పూర్ణ రెండు చేతులతో నోరు మూసుకుంది. నీలవేణికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, నవ్వూ వచ్చింది.

ఆ రోజు టీవీ మళ్లీ పెట్టాలని ఎవరికీ గుర్తు రాలేదు. తప్పేమిటని ఆమె మాస్టారిని మళ్లీ అడగలేదు. కాళ్లకు దండం పెట్టి రైలెక్కింది.

తర్వాతి రికార్డింగులో నీలవేణి పసుపు పూసిన కాగితం మీద సబ్బునీళ్ల చుక్క వేసింది. చుక్క ఎర్రగా మారింది.

"దీన్ని మళ్లీ పసుపు రంగులోకి తేవాలంటే మీ వంటింట్లో ఏం వెయ్యాలి? నేను చెప్పను. ఇప్పుడు టీవీ కట్టేసి వెళ్లి వెతకండి. మీకేం దొరికిందో వచ్చే ఆదివారం మాట్లాడుకుందాం."

శేషాచలం తల పట్టుకున్నాడు. "టీవీలో నుంచుని టీవీ కట్టేయమంటావా? మిగతా టైములో ఏం వెయ్యను?"

"ఏదైనా మంచి పాట వెయ్యండి సార్. పిల్లలెలాగూ చూడరు."

ఆ ఆదివారం పాఠం వచ్చిన కాసేపటి నుంచి ఆఫీసు ఫోను మోగుతూనే ఉంది. నిమ్మకాయ అని ఒకరు, పుల్లమజ్జిగ అని ఒకరు. నాది నారింజ రంగులో ఆగిపోయింది మేడమ్, ఇప్పుడేం చెయ్యమంటారని ఒకరు. శేషాచలమే ఫోనెత్తి, "పచ్చిమామిడికాయ వేసి చూశావా?" అని అడుగుతున్నాడు.

సాయంత్రం నీలవేణి సోంపేటకు ఫోను చేసింది. అవతల పిల్లల గోల. చింతపండంతా అవగొట్టేశారని వరహాలమ్మ కేకలు.

"మాస్టారూ, ఇవాళ నా పాఠం చూశారా? ఎలా ఉంది?"

"చూడలేదమ్మా" అన్నారు మాస్టారు. "నువ్వే కట్టేయమన్నావు కదా."