కొండ కప్పుకున్న మబ్బు

ఒకప్పుడు ఐర్లండ్ దేశంలో ఒక కొండ ఎండలో పచ్చగా మెరుస్తూ ఉండేది. ఎంత దూరం నుంచి చూసినా కనబడేది.

ఆ దేశంలో కట్టెలు తక్కువ. కొండమీద పచ్చిక కింద మెత్తటి నల్లమట్టి ఉంటుంది. దాన్ని ఇటుకల్లా కోసి ఎండబెడితే కట్టెల్లా మండుతుంది.

కొండ ఎవరినీ కాదనేది కాదు. "కావలసింది కోసుకోండి. తీసిన పచ్చికను మాత్రం మళ్లీ నామీద కప్పి పోండి" అనేది.

కొండ కింద ఫింటన్ అనే అతను తన ముసలితల్లి ఊనాతో ఉండేవాడు. ఆమెకు తగ్గని దగ్గు. పొయ్యి ఆరితే ఆమె బతకదు.

వేసవంతా ఫింటన్ మట్టి కోశాడు. ఇటుకలు కొండమీదే కుప్పలు పెట్టాడు. పచ్చికను పక్కకు విసిరేశాడు.

"కప్పావా నాయనా?" అని తల్లి రోజూ అడిగేది.

"రేపు కప్పుతాలే అమ్మా."

వాకిట్లో గడ్డి మేస్తున్న ఒక కుందేలు అది విని నవ్వింది. "నీ రేపు ఎప్పుడు పుడుతుందయ్యా? చెబితే బారసాలకు వస్తాం!"

"నీకేం, పుట్టుకతోనే కంబళి ఉంది. పో!"

"నాకుంది. కొండకున్నది నువ్వు లాగేశావు" అని కుందేలు గెంతి పోయింది.

వానలు వచ్చాయి. నీళ్లు కొండ గాయాల్లో నిలిచాయి.

"చలేస్తోంది ఫింటన్" అని కొండ వణికింది.

"రేపు" అన్నాడు ఫింటన్.

అటుగా పోతున్న మబ్బును కొండ పిలిచింది. "కాస్త నన్ను కప్పవూ?"

"నేను కూర్చుంటే మళ్లీ లేవను. నువ్వు ఎవరికీ కనబడవు మరి."

"కనబడకపోతే పోయె. ఈ చలి నేను ఓర్చలేను."

మబ్బు కూర్చుంది.

ఇంట్లో ఇటుకలు అయిపోయాయి. ఫింటన్ బుట్ట తీసుకుని కొండెక్కాడు. చాపిన చెయ్యి కూడా కనబడలేదు.

"కొండా, నా కుప్పలెక్కడ?"

"వెతుక్కో నాయనా. నాకూ కనబడడం లేదు."

పొద్దుగూకేదాకా వెతికాడు. తాను తవ్విన గుంటల్లోనే పడ్డాడు, లేచాడు. ఖాళీ బుట్టతో దిగాడు.

పొయ్యి ఆరిపోయి ఉంది. తల్లి ఒళ్లు చల్లబడి ఉంది. "కప్పావా నాయనా?" అని ఎవరూ అడగలేదు.

ఫింటన్ తల్లిని పూడ్చి, పైన పచ్చిక పరిచాడు. ఈసారి రేపు అనలేదు. ఏడుస్తూ వెళ్లి కొండ గాయాలన్నీ తడుముకుంటూ కప్పాడు.

"ఇక లేవవూ?" అని మబ్బును అడిగాడు.

"లేవనని ముందే చెప్పాను" అంది మబ్బు.

చెయ్యవలసిన వేళ దాటాక చేసిన పని పనే కాదు.

అప్పటినుంచే, చుట్టూ ఉన్న కొండలన్నీ ఎండ కాచుకుంటున్నా, ఆ కొండ మాత్రం మబ్బు కిందే ఉంటుంది. దాని దారి ఎవరికీ తెలియదు. దాని పేరు ఎవరూ తలచుకోరు.