ఓడినవాని చేతికట్టు

పిడికిలిగా బిగియుటకును, దోసిలిగా విచ్చుటకును ఒకే చేతిని ప్రసాదించిన పరాత్పరునకు ముందుగా నమస్కారం. ఇప్పుడు చెప్పబోయేది రాజుల కథ కాదు, వీరుల కథ కాదు. వీరుల చేతులకు కట్లు కట్టిన ఒక అవ్వ కథ.

ఏడు ఏరుల నడుమ ఒక దేశం ఉండేది. ముష్టియుద్ధంలో ఆ దేశానికి ఎదురు లేదు. ఏటేటా వసంతంలో పరదేశాల యోధులు వచ్చేవారు, బరిలో దిగేవారు, ఓడి వెళ్లేవారు. కోట ముందరి కొయ్య మీద ఎగిరే జయకేతనాన్ని దించవలసిన పని ఎన్నడూ పడలేదు.

అక్కడ ఒక ఆచారం ఉండేది. పోరు ముగియగానే గెలిచినవాడు ఓడినవాని ఎదుట నేలమీద కూర్చోవాలి. వాని చేతికట్లు స్వయంగా విప్పి, వాచిన కణుపులను గోరువెచ్చని పసుపునీళ్లతో కడగాలి. గిన్నె పట్టుకుని పక్కన కూర్చునేది అవ్వే. ఆ నీళ్లు తగిలితే ఎంతటి పంతగాడికైనా మనసు కరిగేది. తనలో లోపమేదైనా కనబడిందా అని గెలిచినవాడు అడిగేవాడు. "అన్నా, అలసినప్పుడు నీ ఎడమ భుజం జారుతోంది. కనిపెట్టాను గానీ అందుకోలేకపోయాను" అని ఓడినవాడే చెప్పేవాడు. మరుసటి ఏడు ఆ భుజం జారేది కాదు.

కొత్త రాజు సింహాసనమెక్కాడు. "మా వీరుడు ఓడినవాడి ముందు చతికిలబడడమేమిటి? గెలిచిన మరుక్షణం ఏనుగెక్కాలి!" అన్నాడు.

"ఏనుగు ఎక్కడికి పోతుంది మహారాజా? గిన్నెడు నీళ్లు చల్లారేంతసేపే కదా" అంది అవ్వ.

"నీ గిన్నె మూలబడుతుందని బెంగా? అందులో గంజి తాగు!" అన్నాడు రాజు. సభ విరగబడి నవ్వింది.

నాటినుంచి ఓడినవారు తమ కట్లు తామే పళ్లతో పీకి విప్పుకుని, చూసినదంతా మనసులోనే దాచుకుని పడవలెక్కారు. కొన్నేళ్లకు ఆ దేశపు వీరుడొకడు ఓడాడు. తరువాతి వసంతంలో ముగ్గురు ఓడారు. రాజు పండితులను పిలిపించాడు. ఏటినీటిలో సారం తగ్గిందని ఒకరన్నారు. పడుచువాళ్లు మెత్తని పరుపులకు మరిగారని మరొకరన్నారు. పరదేశాలవారికి ఆకలి పెరిగిందని ఇంకొకరన్నారు. ఎవరి మాటా పూర్తిగా అబద్ధం కాదు. అవ్వను మాత్రం ఎవరూ అడగలేదు.

చివరకు ఓటమి ఎరుగనివాడు ఒక్కడే మిగిలాడు. వాడు అవ్వ మనవడు. వాడూ ఓడితే కేతనం దిగుతుంది.

పోరునాటి ఉదయం అవ్వ వాని చేతులకు కట్లు కట్టింది. "బిగుతుగా ఉందా నాయనా?"

"నీ కట్టు వదులైందెప్పుడు అవ్వా? ఇవాళ ఓడితే మాత్రం నా మొహం చూడకు."

"మొహం చూడకుండా ముద్దలెలా పెట్టనురా, వెర్రివాడా!"

మధ్యాహ్నానికి వాడు ఓడిపోయాడు. గెలిచినవాడు ఉప్పుదీవి నుంచి వచ్చిన సన్నని యువకుడు. కేతనం దిగింది. రాజు ఏనుగు కోటవైపు తిరిగింది. మనవడు బరి అంచున కూలబడి, బిగిసిన పిడికిళ్లు ఒడిలో పెట్టుకున్నాడు. అవ్వ చేయి చాచింది.

"వద్దవ్వా. ఇలాగే ఉండనీ."

అంతలో ఎవరో వచ్చి వాని ఎదుట నేలమీద కూర్చున్నారు. ఆ దీవివాడే. చేతిలో మట్టిగిన్నె ఉంది.

"అన్నా, చెయ్యి ఇవ్వు."

"ఎగతాళికి వచ్చావా?"

"మా తాత ఇక్కడే ఓడాడు. మీ వీరుడు ఆయన చేతులు కడిగాడట. ఇంటికి వచ్చాక తిన్న దెబ్బల సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు. ఈ నీళ్ల సంగతే చెప్పేవాడు. ఇప్పుడు మా దీవి అంతటా ఇదే పద్ధతి."

అవ్వ గిన్నెలో వేలు ముంచి చూసింది. "పసుపు తక్కువైంది" అంది.

"పాళ్లు మా తాతకు గుర్తులేవు అవ్వా. నువ్వే చెప్పాలి" అని నవ్వుతూ వాడు కట్టు విప్పసాగాడు. తరువాత మెల్లగా అడిగాడు. "అన్నా, నాలో లోపమేదైనా కనబడిందా?"

మనవడికి కనబడింది. చెబితే ఇక వీణ్ణి కొట్టగలవాడు ఉండడు. వాడు అవ్వ వైపు చూశాడు. ఆమె గిన్నె అందుకుని ఒడిలో పెట్టుకుంది, వెనకటి రోజుల్లోలాగే. నీళ్లలో పిడికిలి వేలువేలుగా విచ్చుకుంది.

"కుడిచేయి విసిరేముందు నీ ఎడమ మడమ లేస్తోంది" అన్నాడు. "మరి నాలో?" అని అడిగాడు.

ఆ దేశపు వీరుని నోట ఆ ప్రశ్న విని ఎన్నేళ్లయిందో! నీళ్లు చల్లారిపోయినా వాళ్లిద్దరి మాటలు తెమలలేదు.

మర్నాడు ఉదయం అవ్వ ఆ కట్లు ఉతికి, బోసిపోయిన కొయ్యకు కట్టి ఆరేసింది. పసుపు మరక వదలని ఆ పొడవాటి గుడ్డ గాలికి రెపరెపలాడింది. దారినపోయేవారు ఆగారు.

"ఇది ఏ దేశపు జెండా అవ్వా?"

అవ్వ దాని ముడత సవరించింది. "ముందు ఆరనివ్వండి నాయనలారా" అంది.

ఈ కథ విన్నవారి చేతులు చల్లగా ఉండుగాక. ఓడిననాడు వారి కట్టు విప్పేవారు దొరకుదురుగాక. గెలిచిననాడు నేలమీద కూర్చునే ఓపిక వారికి కలుగుగాక.