తీతువు పిట్ట పందెం

ఎండాకాలంలో పొన్నవాగు ఎండిపోతే నడుమ ఒక్క మడుగే మిగిలేది. పొద్దున్నే తేటనీళ్లు ఏ గట్టువాళ్లు ముందు తాగాలన్నది ఏటా చెడుగుడు పోటీలో తేలేది. మూడు ఆటల్లో రెండు గెలిచినవాళ్లది ముందు వంతు. ఓడినవాళ్లకు మిట్టమధ్యాహ్నం మిగిలిన బురదే గతి.

పడమటి గట్టు జట్టు ఆరేళ్లుగా ఓడుతూనే ఉంది. ఆ ఆరేళ్లూ ఒక్క ఆట మానకుండా చూసింది ఈదమ్మ అనే తీతువు పిట్ట. అదే గట్టున గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టుకునే ప్రాణి. పొద్దున్నే పొట్ట ఈకలు తడుపుకొచ్చి చల్లబరచకపోతే ఆ గుడ్లు ఎండకు ఉడికిపోతాయి. ఆరేళ్లలో దక్కిన పిల్లలు రెండే. అయినా ఆట మొదలైతే చాలు, "తీ తితీ! పట్టు! వదలకు!" అని గొంతు చించుకునేది.

జట్టు నాయకుడు పేరయ్య నక్క. గీత దాటి కూతకు ఎప్పుడూ కుందేలునే పంపేవాడు. "చెడుగుడు చెడుగుడు" అంటూ అది అటు వెళ్లడమేమిటి, తూర్పు గట్టు అడవిపందులు ఒక్క తోపుతో మట్టి కరిపించడమేమిటి! కొండంత ఎద్దు కొండన్న మాత్రం పక్కన కూర్చుని నెమరేసేవాడు. అతను గెలిపిస్తే తన నాయకత్వం ఎక్కడ ఊడుతుందోనని నక్క భయం.

ఏడో ఏడు మొదటి ఆట కూడా పోయింది. ఈదమ్మకు ఒళ్లు మండింది. నడి బరిలో వాలి నిలదీసింది.

"పేరయ్య బావా, కొండన్నను ఎందుకు దింపవు?"

"ఆట ఆడించేవాణ్ణి నేనా, నువ్వా?" అన్నాడు నక్క. "అసలు మనం ఓడేది నీ వల్లే. తీతువు కూత చావు కూతని తాతలనాటి మాట. నువ్వలా కూస్తుంటే గెలుపు మన దరికి ఎలా వస్తుంది?"

జట్టులోని మేకలు తలలూపాయి. "నేను పడ్డప్పుడల్లా ఈమె అరుస్తూనే ఉంది మరి," అంది కుందేలు.

"ఆడలేక మద్దెల ఓడన్నదట!" అంది ఈదమ్మ.

అవతలి నుంచి పందుల నాయకుడు బూసయ్య నవ్వాడు. "ఎందుకమ్మా నీకా చచ్చు జట్టు? మా గట్టుకు రా. పొద్దున్నే నీళ్లు కూడా దొరుకుతాయి."

ఈదమ్మ మనసు ఒక్క క్షణం గుడ్ల మీదికి పోయింది. అంతలోనే తల విదిల్చింది.

"ఓడినా వాళ్లు నావాళ్లు. తిడితే నేను తిడతాను, మధ్యలో నువ్వెవరివి? అయినా వస్తాను, ఒక్క ఆటకు." నక్క వైపు తిరిగింది. "బావా, రేపు అటు కూర్చుని కూస్తాను. నా కూత చెడ్డదైతే వాళ్లే ఓడాలి. వాళ్లు గెలిస్తే తప్పు నీదని తేలినట్టే. నాయకత్వం దిగుతావా?"

అందరూ నక్కనే చూశారు. కాదంటే తన మాట అబద్ధమని ఒప్పుకున్నట్టు. "సరే," అన్నాడు నక్క.

ఇక గెలవక తప్పదు. మర్నాడు వేరే దారిలేక కొండన్నను కూతకు పంపాడు. మూడు పందులు కాళ్లు పట్టుకుంటే మూడింటినీ ఈడ్చుకుంటూ కొండన్న గీత దాటి వచ్చాడు. తూర్పు గట్టున ఈదమ్మ మాట తప్పకుండా కూసింది. ఆట పడమటివాళ్లది.

"చూశారా! ఆ కూత ఎటుంటే ఓటమి అటే!" అని ఎగిరాడు నక్క.

"నా పేరు పోతే పోనీ," అనుకుంది ఈదమ్మ. "ఎద్దు బరిలో దిగింది. నాకది చాలు."

బూసయ్య ఆమెను తన గట్టు మీంచి తరిమేశాడు. మూడో ఆటకు ఆమె తిన్నగా సొంత గట్టున వాలింది.

"దీని నోరు మూయించండి!" అని అరిచాడు నక్క. "కొండన్నా, నువ్వు కూర్చో. ఇవాళ కుందేలు వెళ్తుంది."

"ఎవరు మూయిస్తారో రండి, చూస్తాను!" అంది ఈదమ్మ. "ఆరేళ్లు మీ కోసం అరిచాను. ఇవాళా అరుస్తాను. రేపు ఓడినా అరుస్తాను!"

కొండన్న లేచి నిలబడ్డాడు. "పేరయ్యా, ఈ పిట్ట నోరు మూస్తే నేను గీత దాటను. మనల్ని ఓడించింది దీని కూత కాదు, నన్ను పక్కన కూర్చోబెట్టిన నీ మాట."

"నా నడుం ఎప్పుడో విరిగింది," అంది కుందేలు. "ఎద్దు మామే వెళ్లాలి."

మేకలు మళ్లీ తలలూపాయి, ఈసారి ఎద్దు వైపు.

"ఓడితే నా పూచీ లేదు," అని గొణిగాడు నక్క.

"గెలిస్తే?" అంది ఈదమ్మ. నక్క పక్కకు తప్పుకున్నాడు.

ఆమె కూత వాగు అవతలి దాకా మోగింది. ఆ కూతలోనే కొండన్న వెళ్లాడు, బూసయ్యతో సహా నలుగురిని పడగొట్టి వచ్చాడు. ఏడేళ్లకు పడమటి గట్టు గెలిచింది.

"బావా, నేను కూశాను, మనం గెలిచాం," అంది ఈదమ్మ. "ఇప్పుడు చెప్పు, ఇన్నాళ్ల తప్పు ఎవరిది?"

నక్క గాలిని చూశాడు, మట్టిని చూశాడు, ఎండను చూశాడు. కొత్త సాకు చెప్పబోతే వినడానికి అక్కడ ఒక్కరూ లేరు. అందరూ ఇక కొండన్నే నాయకుడంటూ అతని వెంట తేటనీళ్ల మడుగుకు వెళ్లిపోయారు.

నీతి: తిట్టినా విడవని అభిమానిని తరిమేవాడు, ముందు తన తప్పును దాచుకుంటున్నాడని తెలుసుకో.