వాచస్పతి జోస్యం, వరహాలు పదును

నాగావళి పుట్టిన కొండల్లో, గడ్డిపోచ కూడా మొలవని ఎర్రమట్టి చదును ఒకటుంది. ఏటా ఎండలు ముదరకముందే అడవిలోని మగ జంతువులన్నీ అక్కడ చేరి టెన్నిస్ ఆడతాయి. ఆడ జంతువులకు పిల్లల్ని సాకడం, తిండి వెతకడం లాంటి చిల్లర పనులుంటాయి కనుక ఇది మగవాళ్ల పోటీగానే స్థిరపడిపోయింది. పోటీ జరిగినన్నాళ్లూ ఎవరూ ఎవర్నీ వేటాడకూడదన్నది కట్టుబాటు. కుందేలును ఓడించిన తోడేలు దానితో చెయ్యి కలిపి, "బాగా ఆడావు తమ్ముడూ" అనాలి. నోట్లో నీళ్లూరితే మింగుకోవాలి.

ఆట ఆడేవాడికి పరుగు కావాలి, ఊపిరి కావాలి. ఆట గురించి మాట్లాడేవాడికి మంచె ఒక్కటుంటే చాలు. ఆ మంచె వాచస్పతి అనే నక్కది. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఏదో ఉండేది, అది మంచెకు తగినట్టు లేదని తనే మార్చుకున్నాడు. పోటీకి ముందురోజు మంచె ఎక్కి, ఎవరు గెలుస్తారో విశ్లేషించడం అతని ఉద్యోగం.

"మట్టి మీద బంతి నెమ్మదిగా వస్తుంది. వేగంగా ఆడేవాడికి వేగం లాభిస్తుంది, నెమ్మదిగా ఆడేవాడికి నెమ్మది లాభిస్తుంది. బాగా ఆడినవాడు గెలిచే సూచనలు మెండు. అయితే ఆటలో ఏదైనా జరగొచ్చు!"

ఏటా ఇదే చెప్పేవాడు. ఏటా నిజమయ్యేది. అడవి అడవంతా "ఏం చెప్పాడు, ఏం చెప్పాడు!" అని తోకలాడించేది. ఇందుకుగాను రాజావారి వంటశాల నుంచి మంచె మీదికి ఏడాది పొడుగునా కోడికూర వచ్చేది. తినీ తినీ వాచస్పతి వేట మరిచిపోయాడు. కిందటి వానాకాలం సరదాకి ఓ ఎలకను తరమబోతే, ఆ ఎలకే ఆగి, "తమకు ఒంట్లో బాలేదా బాబుగారూ?" అని అడిగింది.

ఈ ఏడు మాత్రం సింహంగారు నక్కను పిలిపించారు.

"ఈసారి ఒక్క పేరు చెప్పు."

"ప్రభూ, విశ్లేషణ అంటే అనేక కోణాల నుంచి..."

"పేరు."

"తమరు పెద్దలు. ఒకవేళ, మాటవరసకే అనుకోండి, ఆ పేరు తప్పితే?"

"మంచె దిగుతావు. కోడికూర ఆగుతుంది."

వాచస్పతి లెక్క వేసుకున్నాడు. మంచె లేకపోతే అతనికి మిగిలేది ముసలి కాళ్లూ, మెతకబడ్డ పళ్లూ. ఎలకలు కూడా జాలిపడే బతుకు ఎన్నాళ్లు సాగుతుంది?

ఆలోచిస్తే చెప్పాల్సిన పేరు తేలిగ్గానే దొరికింది. చుక్కలదొర అనే చిరుత. మెరుపులా కదులుతాడు, పిడుగులా కొడతాడు. చిక్కల్లా మొదటి ఆటలో అతనికి ఎదురు పడ్డవాడు వరహాలు. వరహాలు అడవిపంది. పుట్టింది మట్టిలో, పెరిగింది మట్టిలో, తనంత ఆటగాడు ముల్లోకాల్లో లేడని రోజూ ఏదో ఒక చెట్టుకు చెబుతుంటాడు. 'పందికేం తెలుసు పన్నీరు వాసన' అనుకుంటూనే, ఎందుకైనా మంచిదని వాచస్పతి ఆ మధ్యాహ్నం వరహాలు గుంట దగ్గరికెళ్లి పొద వెనక నక్కాడు. నక్కడం అతనికి పుట్టుకతో వచ్చిన విద్య.

వరహాలు మద్దిచెట్టు మొదలుకేసి కోరలు రాసుకుంటూ పెళ్లాంతో మాట్లాడుతున్నాడు.

"ఏటే అప్పలనర్సమ్మా! అంతా పదును మీదే ఉందే. పదును కుదిరిందా, ఆ సుక్కలోడు నా ముందు నిలబడ్డానికి సాలడు. పదును నేదా, నా పని అయిపోనాదే!"

"మరి సూసుకోవేటి పదును?" అంది అప్పలనర్సమ్మ బురదలోంచి లేవకుండానే.

"అదే కదే సూత్తన్నాను" అంటూ వరహాలు ఇంకో నాలుగు సార్లు కోరలు రాశాడు.

పొద వెనక వాచస్పతికి ఆనందంతో తోక నిక్కబొడుచుకుంది. దొరికింది గుట్టు! పంది బలమంతా కోరల పదునులోనే ఉందన్నమాట. ఆ పదును తీసేసి, చిరుతకు పదును పెంచితే విశ్లేషణ ఇక జోస్యం కాదు, శాసనమే.

సాయంత్రానికల్లా చుక్కలదొర గుహ దగ్గరున్నాడు.

"దొరా, గోళ్లు నూరుకో. బండరాయి మీద బాగా నూరుకో. అడుగు వేసినప్పుడు లోపలికి ముడుచుకోకు, బయటే ఉంచు."

"నేనెప్పుడూ ముడుచుకునే ఆడతాను కదా?" అన్నాడు చిరుత.

"అందుకే ఇన్నాళ్లూ కప్పు రాలేదు. మట్టి ఆటంటే పదునయ్యా, పదును! ఆడేది నువ్వా, నేనా?"

"నేనే."

"ఆలోచించేది?"

చుక్కలదొరకు ఆలోచన పెద్దగా అలవాటు లేదు. బండరాయి వెతుక్కుంటూ వెళ్లాడు.

మర్నాడు మంచె చుట్టూ ఇసకేస్తే రాలనంత జనం. వాచస్పతి గొంతు సవరించుకుని ఒక్కొక్కరినీ చీల్చి చెండాడాడు. కొండముచ్చు సర్వీసు బాగుంటుంది గానీ, బంతి తిరిగొచ్చేలోగా చెట్టెక్కేస్తాడు. ఎలుగుబంటి దారిలో తేనెపట్టు కనబడనంతవరకే ప్రమాదకారి. ముళ్లపంది పోయినేడు ఆడిన బంతులన్నీ ఇంకా అతని వీపు మీదే ఉన్నాయి. జంతువులు కడుపుబ్బ నవ్వాయి. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు మాత్రం నవ్వలేదు.

"ఇక విజేత! ఒక్కటే పేరు, చుక్కలదొర! ఎందుకంటారా? మట్టి మీద గెలిపించేది పదును. అన్నట్టు రాజావారికి చిన్న మనవి. వరహాలు కోరలు ప్రమాదకరంగా ఉన్నాయి. బంతులు చిరుగుతాయి. వాటికి బెండు తొడుగులు వేయిస్తే బాగుంటుంది."

వరహాలు ఒక్క గావుకేక పెట్టి నేలమీద పడి దొర్లాడు.

"అన్నేయం మారాజా! తొడుగులేత్తే నోరు మూత పడదు, నాను ఊపిరెలగ తియ్యాల? దుమ్మంతా నోట్లోకెళ్లిపోదేటి? సంపేత్తన్నారు బాబోయ్!"

"దుమ్మే కదా నీ బాధ?" వాచస్పతి మంచె మీద నుంచి దయగా వంగాడు. గెలిచేవాడికి దయ చూపడం తేలిక. "రేపు పొద్దున్నే ఏనుగుల చేత నీళ్లు చల్లిస్తే సరి. దుమ్ము లేవదు. ఏమంటారు ప్రభూ?"

"సల్లిత్తే సాలు బావూ" అన్నాడు వరహాలు ముక్కు చీదుతూ. "ఒక్క తడుపు కాదు, రొండు తడుపులు. సచ్చి మీ కడుపున పుడతాను."

"రెండు తడపండి" అన్నారు సింహంగారు.

తెల్లవారకముందే ఏనుగులు తొండాలతో చదునంతా తడిపాయి. ఎండ కొద్దిగా పొడిచేసరికి పైతడి ఆరింది, నేల ఎర్రగా నిగనిగలాడింది. వరహాలు బెండు తొడుగులతో, రెండు మొక్కజొన్న కంకులు కరుచుకున్నవాడిలా వచ్చాడు. చుక్కలదొర గోళ్లన్నీ బయటపెట్టి, అవి ఎండలో మెరుస్తుంటే తన్మయంగా చూసుకుంటూ వచ్చాడు.

ఆట మొదలైంది. వరహాలు బంతిని వలకు దగ్గరగా మెత్తగా వేశాడు. చిరుత దూకాడు, బంతిని చేరాడు, ఆగబోయాడు. గోళ్లు మెత్తటి మట్టిలో దిగబడి అక్కడే ఉండిపోయాయి. ఒళ్లు మాత్రం ముందుకెళ్లింది. మట్టి కరవడమనే మాటను ఆ అడవిలో అంతకుముందెవరూ అంత పద్ధతిగా ఆచరించి చూపలేదు.

"దొర మైదానాన్ని దగ్గరగా పరిశీలిస్తున్నాడు" అన్నాడు వాచస్పతి మంచె మీద నుంచి.

వరహాలు గిట్టలు ఆ నేల మీద సర్రున జారుతున్నాయి. కుడివైపు బంతికి కుడివైపు జారాడు, ఎడమవైపు బంతికి ఎడమవైపు జారాడు. చుక్కలదొర మాత్రం ఒక కాలు పీక్కునేలోగా రెండోది దిగబడుతోంది. ఒకసారి ఎలాగో బంతి అందింది, కానీ రాకెట్టుకు కాదు. చిరిగి గోటికి వడలా గుచ్చుకుంది. దాన్ని ఊడబెరుక్కోవడానికి అతను ఎగురుతుంటే గుంపులో పిల్లలు కింద పడి దొర్లి మరీ నవ్వారు.

"ఇదంతా వ్యూహంలో భాగం" అన్నాడు వాచస్పతి. "ప్రత్యర్థిని ఏమరుపాటులోకి నెట్టి..."

ఏమరుపాటులో ఉన్నదెవరో అతనికి అర్థమవుతూనే ఉంది. ఒక్కో గేము పోతున్నకొద్దీ కాళ్లకింద మంచె కదిలిపోతున్నట్టనిపించింది. ఎండ నడినెత్తికి రాకముందే ఆట ముగిసింది. కప్పు తెస్తాడన్న వీరుడు మొదటి ఆటలోనే ఇంటిదారి పట్టాడు.

"నక్క తోక తొక్కొచ్చాడ్రా పంది!" అన్నారెవరో.

"దిగు" అన్నారు సింహంగారు మంచెకేసి చూసి.

"ప్రభూ! నేను చెప్పింది పదును గెలుస్తుందని. కానీ వీడి కోరలకు తొడుగులున్నాయి, పదునే లేదు! ఇందులో ఏదో మోసం ఉంది!"

వరహాలు తాపీగా వంగి గుప్పెడు మట్టి తీశాడు. పిసికితే ముద్దయింది. వదిలితే పొడిగా రాలింది. చేతికి అంటలేదు.

"ఇదండి బావూ పదును. మట్టికి సరిపడ్డ తడి. దుంపలు తవ్వుకునీవోడికి నేల పదును కాక ఇంకేటి పదునుంటాది? రొండు తడుపులడిగినాను, తమరే ఇప్పించినారు. తమరి మేలు మర్సిపోను."

"మరి ఆ రోజు చెట్టుకేసి కోరలు రాస్తూ..." అని నాలిక కరుచుకున్నాడు వాచస్పతి. అప్పటికే ఆలస్యమైంది.

"ఓహో, తమరు పొదెనకాల ఉన్నారని ఒప్పుకుంతన్నారన్నమాట!" వరహాలు పొట్ట పట్టుకు నవ్వాడు. "తమరి కంపు ఆమడ దూరం కొడతాది, నా ముక్కుకి తెలీదేటి? ఆ కంపుకి కోరల మొదళ్లన్నీ దురదెత్తిపోతే రాసుకున్నాను. నానేటి అబద్దం ఆడినాను బావూ? పదునన్నాను, పదునే!"

వాచస్పతి ఏ విశ్లేషణా లేకుండా నిచ్చెన అందుకున్నాడు. అతని జన్మలో అది మొదటిసారి. నిచ్చెన దిగుతుంటే వంటశాల నుంచి వేడివేడి కోడికూర గిన్నె వచ్చింది. వాసన చూశాడు. గిన్నె అతన్ని దాటుకుని వెళ్లిపోయింది.

కింద చుక్కలదొర ఎదురుచూస్తున్నాడు. మూతి నిండా ఎర్రమట్టి, గోటికి ఇంకా ఆ బంతి.

"కట్టుబాటు ఉంది గనక ఇప్పుడేం అనను" అన్నాడు నెమ్మదిగా. "పోటీ ఎప్పుడు ముగుస్తుందో నువ్వే విశ్లేషించి చెప్పు. ఆ సాయంత్రం కలుద్దాం."

పోటీ సాగినన్నాళ్లూ వేటాడి తినడానికి లేదు. పోటీ ముగిశాక బతకడానికి లేదు. మిగిలిన ఆటలన్నింటినీ వాచస్పతి గుంపులో వెనక వరసన కూర్చుని చూశాడు. ఆకలితో కడుపు నకనకలాడుతున్నా, ప్రతి ఆటా ఇంకొంచెం సాగాలని కనబడ్డ దేవుడికల్లా మొక్కాడు. ఆట మీద అతనికి అంత శ్రద్ధ అంతకుముందెన్నడూ లేదు.

నీతి: మాట చెవిన పడగానే సరిపోదు, అది ఎవరి నోట వచ్చిందో చూసి అర్థం చేసుకోవాలి.