గుర్రం కాలు ఎవరి కాలు?

వానలు పడితే కంకణపురం రాజవీధి మోకాటిలోతు బురద. అందుకే రాజుగారు నడిచేవాళ్ళ కోసం పక్కనే రాతి కాలిబాట వేయించి, దానిమీదికెక్కిన గుర్రం ఖజానా పాలని చాటింపు వేయించారు. అయినా దళవాయి భైరవమల్లుడు గుర్రాన్ని దానిమీదే దౌడు తీయించేవాడు. వెనక గిట్టల చప్పుడు వినబడితే చాలు, జనం ప్రాణాలు అరచేత పట్టుకుని బురదలోకి దూకేవారు.

ఆ రోజు నెత్తిన బుట్టలతో ఉన్న మేదరి గవరమ్మ దూకలేకపోయింది. గిట్ట తగిలి భుజం కమిలిపోయింది. పైగా దారికి అడ్డం వచ్చిందని దళవాయే ఆమెను సభకు ఈడ్పించాడు. ఆ నేరానికి శిక్ష యాభై కొరడా దెబ్బలు.

"గుర్రం కాలిబాట ఎందుకెక్కింది?" అన్నారు రాజుగారు.

"రౌతుకు గుర్రం కాళ్ళే సొంత కాళ్ళు ప్రభూ! నేను నడిచి వచ్చినట్టే," అన్నాడు దళవాయి మీసం దువ్వుతూ.

సభ తలలూపింది. మూలన భటుడు కొరడాకు నూనె రాస్తున్నాడు.

"దొరా, అయితే నాకు తగిలింది తమరి కాలే," అంది గవరమ్మ. "ఎవరికైనా కాలు తగిలితే తాకి కళ్ళకద్దుకుంటాం కదా? ఆ కాలు తమది కాదంటారా, చాటింపు ప్రకారం గుర్రం రాజుగారిది."

దళవాయి చెయ్యి కత్తిపిడి మీదికి పోయింది. గవరమ్మ కళ్ళు మూసుకుంది. రాజుగారు రెప్ప వేయలేదు. చివరికి ఆ చెయ్యే ఆమె భుజాన్ని తాకి, అతని కళ్ళకు చేరింది.

మర్నాడు కాలిబాట మీద, వెనక టకటకమని గిట్టల చప్పుడు. గవరమ్మ బిగుసుకుపోయింది. చప్పుడు దగ్గరికొచ్చి ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత పక్కనుంచి సాగిపోయింది, బురదలో చపచపమంటూ.