విరిగిన రేకుల వాటా

వెదురులంక అనే ఊళ్లో అబ్బులు అనే పూతరేకుల పనివాడు ఉండేవాడు, అతని చెయ్యి ఎంత నాజూకైనదో నాలుక అంత మాట విననిది.

ఆ ఊరు గోదావరి కాలువ ఒడ్డున ఉండేది. తెల్లవారితే చాలు, ఇంటింటి వాకిట్లోంచీ కొబ్బరాకు పొగ సన్నగా లేచి కాలువ మీది మంచులో కలిసిపోయేది. అబ్బులు భార్య మాణిక్యం రేకులు తీసేది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట పెట్టి, పాలలాంటి పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్కసారి పరిచి లాగేది. చిటికెలో రేకు వచ్చేసేది. వెన్నెలని పొరలు పొరలుగా ఒలిచినట్టు ఉండేది. ఆమె దాన్ని ఎత్తి పట్టుకుంటే, రేకు వెనకాల ఆమె ముఖం మసకమసకగా కనిపించేది. పెళ్లై ఇరవై ఏళ్లైనా అబ్బులు ఆ ముఖం వంక చూస్తూ చేతిలో పని మరిచిపోయేవాడు.

"ఏంటి మావా, ఎప్పుడూ చూడనట్టు?" అనేది మాణిక్యం.

"రేకు చూస్తున్నానే."

"రేకు చూసేవాడికి ఆ నవ్వెందుకో!" అని ఆమె కూడా నవ్వేసేది.

మడత పెట్టడం అబ్బులు పని. తడిగుడ్డ మీద రేకు పరిచి, అది మెత్తబడ్డాక నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి, జీడిపప్పు పలుకులు వేసి మడిచేవాడు. ఆ ఊళ్లో ఒక ఆనవాయితీ ఉండేది. మడతలో విరిగిన రేకు అమ్మకూడదు. అది మడత పెట్టినవాళ్ల వాటా. కాస్త నెయ్యి అద్దుకుని వాళ్లే తినెయ్యాలి. అబ్బులు మీసం రాని వయసు నుంచీ ఆ వాటా ఒక్కసారి కూడా వదల్లేదు.

ఒక వేసవిలో కాలువ వంతెన ఎక్కుతుంటే అబ్బులుకి ఆయాసం వచ్చింది. రెయిలింగు పట్టుకుని నిలబడిపోయాడు. అది చూసి మాణిక్యానికి గుండె జారిపోయింది. అబ్బులు అన్న నలభై నాలుగో ఏట గుండెపోటుతో పోయాడు. అబ్బులుకి అప్పుడు నలభై మూడు. ఆమె మర్నాడే అతన్ని టౌనుకి తీసుకెళ్లి పరీక్షలు చేయించింది.

డాక్టర్ పద్మజ కాగితాలు చూసింది.

"గుండె ప్రస్తుతానికి బాగానే ఉంది. కానీ రక్తంలో చెడు కొలెస్ట్రాల్ నూట అరవై ఎనిమిది ఉంది. మీ అన్నగారి సంగతి కూడా ఉంది కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు" అంది.

"ఏం చెయ్యమంటారమ్మా?" అంది మాణిక్యం.

"మూడు నెలలు చూద్దాం. నెయ్యి, మీగడ, వేపుళ్లు, చుట్ట మానాలి. రోజూ ముప్పావుగంట చురుగ్గా నడవాలి. జొన్నరొట్టె, రాగిసంగటి, పప్పులు, చిక్కుళ్లు, ఆకుకూరలు, జామకాయలు బాగా తినాలి. అప్పటికీ తగ్గకపోతే మాత్రం మందు వేసుకోవాల్సిందే."

బస్సులో మాణిక్యం చెయ్యి చాపింది. "నా చేతిలో చెయ్యేసి చెప్పు మావా. అమ్మే పూతరేకు ఒక్కటి కూడా నోట్లో పెట్టనని."

"పెట్టను" అని అబ్బులు చెయ్యేశాడు. ఆమె చెయ్యి వేడిగా, పిండివాసనతో ఉంది. అప్పుడు అతను ఆ మాట మనసారా అన్నాడు.

మర్నాటి నుంచీ అతని జీవితం మారిపోయింది. చీకటితోనే లేచి కాలువ గట్టు మీద నడిచేవాడు. ఎదురింటి గవర్రాజు పళ్లు తోముకుంటూ కేకేసేవాడు.

"ఏం బావా, కొత్త పెళ్లికొడుకులా పొద్దున్నే షికార్లు!"

"కొలెస్ట్రాలు బావా."

"అయితే మెంతినీళ్లు తాగు. వెల్లుల్లి నములు. అవిసెగింజల పొడి కలుపు. ఏదీ వదలకు!"

అబ్బులు ఏదీ వదల్లేదు. ఎవరు ఏం చెబితే అది మొదలుపెట్టాడు. మెంతినీళ్లకి ముఖం వికారంగా పెట్టేవాడు గానీ గ్లాసు ఖాళీ చేసేవాడు. చుట్ట కూడా పారేశాడు. మాణిక్యం అతనికి తోడుగా తనూ జొన్నరొట్టే తినేది. "ఒకే కంచంలో పథ్యం అయితే పథ్యంలా ఉండదు మావా" అనేది.

వారం గడిచింది. ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఒక రేకు మడతలో పుటుక్కున విరిగింది.

అబ్బులు దాని వంక చూశాడు. పక్కనే నెయ్యి గిన్నె ఉంది. అప్పుడే కాచిన నెయ్యి, పూసపూసగా, వాకిలంతా కమ్మటి వాసన. 'ఇది అమ్మేది కాదు కదా, నా వాటా. అమ్మేది తినననేగా మాటిచ్చాను' అనుకున్నాడు. నెయ్యి అద్దుకుని తినేశాడు. కళ్లు మూతలు పడ్డాయి.

మర్నాడు రెండు విరిగాయి. ఆ మర్నాడు నాలుగు. రేకు కింది గుడ్డ ఆరిపోతే రేకు పెళుసుగా ఉండి దానంతట అదే విరుగుతుందని అబ్బులుకి తెలియనిది కాదు. అయినా గుడ్డ తడపడం మానేశాడు. తాను విరిచానని ఒక్కనాడూ అనుకోలేదు. విరిగిందనే అనుకున్నాడు.

"ఇవాళ ఎన్ని పోయాయి మావా?" అని అడిగేది మాణిక్యం.

"పదో, పన్నెండో."

"ఏం చేశావు?"

"గవర్రాజు గేదె కుడితిలో వేశాను."

మాణిక్యం నమ్మింది. అతని మాట నమ్మి, తన చేతిని అనుమానించింది.

బియ్యం మార్చి చూసింది. పిండి మూడుసార్లు వడగట్టి చూసింది. గుడ్డ గరుకుగా ఉందేమోనని, తన చీరల్లోకెల్లా మెత్తటి పాత చీర చెంగు చించి పిండిలో ముంచింది. అయినా సాయంత్రానికి అబ్బులు పక్కన విరిగిన రేకుల కుప్ప ఉండనే ఉండేది. చివరికి రేకు మందం పెంచింది. కొనేవాళ్లు "ఇదివరకటి మాణిక్యం రేకులు కావు" అన్నారు. అప్పటి నుంచీ ఆమె రేకు ఎత్తినప్పుడు అబ్బులు వైపు నవ్వడం మానేసింది. మంట వెలుగులో తన వేళ్లనే తిప్పితిప్పి చూసుకునేది. అబ్బులు అది చూశాడు. తలవంచుకుని మడత పెట్టాడు.

మూడు నెలలు నిండాయి. మళ్లీ పరీక్ష చేశారు. ఈసారి నూట ఎనభై రెండు.

"నెయ్యి మానారా?" అని అడిగింది డాక్టర్.

"చుక్క ముట్టలేదమ్మా" అంది మాణిక్యం, అబ్బులు నోరు తెరిచే లోపే. "నేను పక్కనే కూర్చుని తినిపిస్తున్నాను."

డాక్టర్ కాసేపు ఆలోచించింది. "అయితే ఇది వంశంలో ఉన్నదయ్యుంటుంది. కొందరికి తిండితో తగ్గదు. మాత్ర రాస్తాను. అందులో నామోషీ ఏమీ లేదు."

అబ్బులు చీటీ జేబులో పెట్టుకున్నాడు. బస్సులో దారి పొడుగునా మాణిక్యం కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

మర్నాడు అబ్బులు నడక ముగించుకుని వచ్చేసరికి ఊరంతా పొగ లేస్తోంది, తన వాకిట్లో మాత్రం లేదు. పొయ్యి చల్లగా ఉంది. మాణిక్యం కుండని కడిగి, గడ్డి చుట్టి, గవర్రాజు కొత్తకోడలు సుభాషిణి చేతికి ఇస్తోంది.

"మీ కుండ నాకెందుకు అత్తా!" అంటోంది సుభాషిణి కంగారుగా. "ఇది ఇంత నున్నగా పదునెక్కడానికి మీకెంత కాలం పట్టిందో!"

"నాలుగేళ్లు పట్టిందమ్మా. నువ్వు నేర్చుకుంటున్నావు కదా, తీసుకెళ్లు. నా చెయ్యి పోయింది. ఎంత శ్రద్ధగా తీసినా విరిగిపోతున్నాయి." మాణిక్యం కుండ మీది గడ్డి సర్దింది. "పైగా మా ఆయన అంత పథ్యం చేసినా తగ్గలేదు. పొద్దస్తమానం ఆ నెయ్యి గిన్నె ముందే కూర్చుంటే ఎలా తగ్గుతుంది? నా పొయ్యే ఆయన ప్రాణానికి ఎసరు పెడుతోందేమో. ఇక వద్దమ్మా."

అబ్బులు గుమ్మంలో నిలబడిపోయాడు. జేబులో మందుచీటీ ఉంది. నోరు మూసుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. మాత్ర వేసుకుంటే తన ఒళ్లు కుదుటపడనూవచ్చు. కానీ కడిగిన కుండ మీద ఆమె చెయ్యి ఇంకా అలాగే ఉంది, చంటిపిల్లని పరాయివాళ్లకి ఇచ్చి వదల్లేనట్టు.

"ఆ కుండ కింద పెట్టమ్మా" అన్నాడు.

ఇద్దరూ తిరిగి చూశారు.

"నీ చెయ్యి పోలేదే మాణిక్యం. నేనే విరిచాను."

"ఏంటి మావా అది?"

"గుడ్డ తడపడం మానేశాను. రేకులు విరిగితే నా వాటా అని తిన్నాను. నెయ్యితో. రోజూ."

మాణిక్యానికి కాసేపు అర్థం కాలేదు. "మరి గేదె?"

"ఆ గేదె ఒక్క ముక్క ఎరగదు."

సుభాషిణి ఉండబట్టలేక, "అయ్యో, పాపం మా గేదె! రేకులు మేసి కూడా పాలివ్వట్లేదని మా మావయ్య దాన్ని రోజూ తిడుతున్నాడు!" అంది. అని, ఎవరూ నవ్వకపోయేసరికి కుండని మెల్లగా కింద పెట్టి వెళ్లిపోయింది.

మాణిక్యం అరుగు మీద కూర్చుంది. తిట్టలేదు. తిడితే బాగుండునని అబ్బులుకి అనిపించింది.

"నువ్వు నెయ్యి తిన్నందుకు కాదు మావా" అంది. "నా వేళ్లు నేను చూసుకుని ఏడుస్తుంటే, నువ్వు ఎదురుగా కూర్చుని మడత పెట్టావు చూడు. అందుకు."

అబ్బులు ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూలబడ్డాడు. ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. "అది ఉపాయం అనుకున్నానే. నీకూ మాట తప్పలేదు, నాలుకకీ లోటు లేదు అనుకున్నాను" అన్నాడు.

"మీ అన్న పోయిననాడు మీ వదిన చేతిలో రేకు అలాగే ఉండిపోయింది మావా" అంది మాణిక్యం. "ఎత్తిన రేకు ఎత్తినట్టే. కింద పెట్టడం కూడా మరిచిపోయింది. నాకు రోజూ అదే కళ్లలో ఆడుతుంది."

అబ్బులు లేచి, గడ్డి విప్పి కుండని పొయ్యి మీద పెట్టాడు. మంట వేశాడు. మాణిక్యం చాలాసేపు కదల్లేదు. తర్వాత వచ్చి కూర్చుని, పిండి కలిపి రేకు తీసింది. మునుపటిలా పల్చగా. అబ్బులు గుడ్డ బాగా తడిపి మడత పెట్టాడు. ఒకటి, రెండు, పది. ఒక్కటీ విరగలేదు. మాణిక్యం పదో మడతని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమె కళ్లలోంచి నీళ్లు అప్పుడు వచ్చాయి.

ఆ మధ్యాహ్నమే అబ్బులు ఒక్కడే టౌనుకి వెళ్లి డాక్టర్ పద్మజ ముందు జరిగిందంతా చెప్పేశాడు.

"మీరు ఈ మాట నిన్ననే చెప్పి ఉంటే నేను వేరేలా ఆలోచించేదాన్ని" అంది ఆమె. "మెంతులూ వెల్లుల్లీ మీరు తిన్న నెయ్యిని వెనకాలే వచ్చి కడిగెయ్యవండి. సరే, ఇంకో మూడు నెలలు చూద్దాం. ఈసారి నిజంగా. అప్పటికీ తగ్గకపోతే మాత్ర విషయంలో నాతో వాదించకూడదు."

"వాదించనమ్మా."

ఇంటికి వచ్చి అబ్బులు మడత పెట్టే పని తనంతట తనే వదులుకున్నాడు. "ఈ నెయ్యి గిన్నె ముందు నన్ను నేను నమ్మలేనే" అన్నాడు. సుభాషిణి మడతలకి కూర్చుంది. అందుకు బదులుగా మాణిక్యం ఆమెకి రేకు తీయడం నేర్పింది. అబ్బులు పిండి రుబ్బాడు, కొబ్బరాకులు మోశాడు, మంట చూసుకున్నాడు. విరిగిన రేకులు నెయ్యి తగలకుండా గవర్రాజు ఇంటికి వెళ్లాయి. ఆ గేదె మీద పడ్డ నింద అలా నిజమైంది.

మొదటి రోజుల్లో నెయ్యి కాస్తుంటే అబ్బులు లేచి పెరట్లోకి వెళ్లిపోయేవాడు. జామకాయ కోసుకుని కసిగా కొరికేవాడు. "చెట్టు మీద కోపమా మావయ్యా?" అని సుభాషిణి ఆటపట్టించేది. జొన్నరొట్టె, తోటకూర పప్పు, పొద్దున్నే నడక. అవే పాతవి. కానీ ఇప్పుడు మాణిక్యం కూడా గట్టు మీదికి వచ్చేది. నీళ్ల మీద ఎండ బంగారు జరీలా పరుచుకుంటుంటే, ఇద్దరూ మాటల్లో పడి ముప్పావుగంట ఎప్పుడు దాటిందో చూసుకునేవాళ్లు కాదు. నెల దాటాక వంతెన ఎక్కుతూ అబ్బులు ఆగలేదు. ఆగలేదన్న సంగతి అవతలి ఒడ్డుకి వెళ్లాక గానీ అతనికి తెలియలేదు.

మూడు నెలల తర్వాత డాక్టర్ పద్మజ కాగితం తీసి రెండుసార్లు చూసింది. నూట ముప్పై.

"ఇంకొంచెం తగ్గాలి. పరీక్షలు మానకండి. అయినా చాలా నయం" అంది నవ్వుతూ. "ఈసారి కొత్తగా ఏం చేశారు?"

"కొత్తగా ఏమీ చెయ్యలేదమ్మా" అన్నాడు అబ్బులు, భార్య వంక చూస్తూ. "దాచుకుని చేసింది ఒకటి మానేశాను."

మానాల్సింది మానకుండా ఎన్ని మంచి అలవాట్లు చేర్చుకున్నా ఒంటికి మేలు జరగదు. మనల్ని మనం మోసం చేసుకుంటే, ఆ దెబ్బ మనతో పాటు మనల్ని ప్రేమించేవాళ్లకీ తగులుతుంది.