ఓడకి పెద్ద చినబాబు

వెనకటికి, పిల్లలూ, సముద్రం ఒడ్డున ధవళకీర్తి అని ఒక రాజుగారు ఉండేవారు. ఆయనకి ముగ్గురు కొడుకులు, ఒక పెద్ద ఓడ. ఆ ఓడ మీద ముగ్గురు ముసలి పనివాళ్ళు. చుక్కాని పట్టేది నూకయ్య. తెరచాప చూసేది గురవయ్య. నీళ్ళూ తిండీ చూసేది గురవయ్య భార్య అచ్చియ్యమ్మ. ముగ్గురి వయసూ కలిపితే రెండువందల పైమాటే.

ఇలా ఉండగా ఏడు సముద్రాల అవతలుండే కపటకేతుడనే మాంత్రికుడు వచ్చి, ఆ రాజ్యం మీది మబ్బులన్నిటినీ చాపలా చుట్టి, చంకన పెట్టుకుని పోయాడు. మొదటి ఏడు వాన లేదు. రెండో ఏడు వాన లేదు. మూడో ఏడు బావుల్లో బురద కూడా ఎండిపోయింది.

"ఎవరు వెళ్ళి మన మబ్బులు తెస్తారు?" అని అడిగాడు రాజు.

పెద్దకొడుకు ఓడెక్కాడు. "నేను చెప్పిందే చెయ్యాలి. ఎవరూ నోరెత్తకూడదు" అన్నాడు. ముందు బండ ఉందని నూకయ్యకి తెలుసు. నోరెత్తొద్దన్నారు గదా, ఎత్తలేదు. ఓడ వెళ్ళి బండకి కొట్టుకుంది. నెల తిరక్కుండా పెద్దకొడుకు వెనక్కొచ్చాడు.

ఓడ బాగుచేశాక రెండో కొడుకు ఎక్కాడు. "మీరు పెద్దవాళ్ళు, మీకు తోచినట్టు చెయ్యండి" అని చెప్పి, లోపలికెళ్ళి దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. నూకయ్య తూర్పంటే గురవయ్య దక్షిణమన్నాడు. ఓడ ఉన్నచోటే గిరగిరా తిరిగి, తిండి అయిపోయాక ఇంటికొచ్చింది.

ఇక మిగిలింది మూడోవాడు మణిధరుడు. పంతొమ్మిదేళ్ళవాడు. మీసం ఇంకా సరిగ్గా రాలేదు. అతను ఓడెక్కేసరికి ముగ్గురు ముసలివాళ్ళూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"ఈసారి చినబాబుని పంపారే!" అంది అచ్చియ్యమ్మ.

మణిధరుడికి చెవులు ఎర్రబడ్డాయి. తన మాట సాగాలంటే గట్టిగా అరవాలేమో అనుకున్నాడు. ఛాతీ విరుచుకుని, "తెరచాప ఎత్తండి!" అని అరిచాడు. గొంతు మధ్యలో కీచుమంది.

గురవయ్య గాలికేసి చూశాడు. ఏదో చెప్పబోయి, పెద్దబాబు గుర్తొచ్చి ఊరుకున్నాడు. తెరచాప ఎత్తాడు. ఎదురుగాలి వచ్చి ఫట్టుమని కొట్టింది. తెరచాప నిలువునా చిరిగింది.

మణిధరుడికి ఏడుపొచ్చినంత పనైంది. కాసేపటికి వెళ్ళి గురవయ్య పక్కన కూర్చున్నాడు.

"తాతా, ఇలా అవుతుందని నీకు ముందే తెలుసా?"

"తెలుసు బాబూ."

"మరి చెప్పలేదేం?"

"తమరు అడగలేదు."

"ఇకమీదట అడక్కపోయినా చెప్పు. తిట్టి చెప్పినా సరే. ముందు ఆ సూది ఇలా ఇయ్యి, కుట్టడం నేర్పు."

మూడు రోజులు కుట్టాడు. వేళ్ళన్నీ పొడుచుకుని రక్తాలొచ్చాయి. అతని కుట్లు చూసి గురవయ్య, "కోడి గీకినట్టుంది" అని విప్పేశాడు. మళ్ళీ కుట్టాడు. మళ్ళీ విప్పేశాడు. మూడోసారి విప్పలేదు. ఆ తెరచాపతోనే మొదటి సముద్రం దాటారు, రెండోది దాటారు, మూడోది దాటారు.

నాలుగో సముద్రంలో దారి రెండుగా చీలింది. ఎటు పోవాలి?

"ఎడమకి" అన్నాడు నూకయ్య. "నలభయ్యేళ్ళ కిందట అటే వెళ్ళాను."

"కుడికి" అన్నాడు గురవయ్య. "గాలి అటే లాగుతోంది. నలభయ్యేళ్ళ నాటి నీళ్ళు ఇప్పుడుంటాయా?"

ఇద్దరూ పోట్లాడి పోట్లాడి అలిసిపోయి, మణిధరుడివైపు తిరిగారు. పుట్టిన తరవాత అంత భయం అతనికి ఎప్పుడూ వెయ్యలేదు. దుప్పటి కప్పుకుని పడుకోవాలనిపించింది. అయినా నిలబడ్డాడు. ఇద్దర్నీ అడగాల్సినవన్నీ అడిగాడు. చివరికి, "కుడికి పోదాం" అన్నాడు.

కుడివైపు సుడిగుండం ఉంది! నూకయ్య చెయ్యి తిరిగినవాడు గనక ఓడ బతికి బయటపడింది గానీ, నీళ్ళ పీపాలు సగం సముద్రం పాలయ్యాయి. గురవయ్య తల వంచుకుని నిలబడ్డాడు. మణిధరుడు అతని భుజం మీద చెయ్యేశాడు.

"నువ్వు చెప్పింది నీకు తెలిసిన మాట తాతా. ఎంచుకున్నది నేను. ఇవాళ్టి నుంచి నా వాటా నీళ్ళు సగం చెయ్యండి."

అన్నట్టే సగం చెంబుతో సరిపెట్టుకున్నాడు. పెదాలు పగిలాయి. మూడో రోజున అచ్చియ్యమ్మ చెంబు నిండా నీళ్ళు తెచ్చి అతని ముందు పెట్టింది.

"తాగు నాయనా. నువ్వు కళ్ళు తిరిగి పడిపోతే, ఎటు పోవాలో ఎవర్నడుగుతాం? ఈ ముసలాళ్ళిద్దరూ ఒకళ్ళ పీక ఒకళ్ళు పట్టుకుంటారు."

నూకయ్య అటు తిరిగి సముద్రంలోకి చూస్తూ, "నా నీళ్ళు కూడా కాసిని పొయ్యి. నాకంత దాహం వెయ్యదు" అన్నాడు. మణిధరుడు చెంబు ఎత్తి తాగాడు. నీళ్ళతోపాటు కన్నీళ్ళు కూడా తాగాడు.

అయిదో సముద్రం దాటారు. ఆరో సముద్రంలో ఒక తాబేలు పాత వలలో చిక్కుకుని కొట్టుకుంటోంది. నలుగురూ కలిసి దాన్ని విడిపించారు. దాని వయసు మూడువందల ఏళ్ళు.

"బతికించావు అబ్బాయ్!" అంది తాబేలు నూకయ్యతో. డెబ్భయ్యేళ్ళ నూకయ్యని అబ్బాయ్ అన్నవాళ్ళు ఈమధ్య ఎవరూ లేరు. సిగ్గుపడిపోయాడు.

"మీకో రహస్యం చెబుతాను" అంది తాబేలు. "మాంత్రికుడి ప్రాణం ఒక చిలకలో ఉంది. వాడి తాతముత్తాతలు చిలకల్ని గుహల్లో దాచి, అవి దొరికిపోయి చచ్చారు. అందుకని వాడు తన చిలకని ఒంటిమీదే పెట్టుకు తిరుగుతాడు. ఏ వేషం వేసినా దాన్ని వదలడు."

ఏడో సముద్రంలో అడుగుపెట్టారు. తెల్లవారేసరికి చుక్కాని దగ్గర ఒకటే గోల. చూద్దురు గదా, ఇద్దరు నూకయ్యలు! అదే తలపాగా, అదే తెల్లగడ్డం, అదే దగ్గు. "నేను నూకయ్యని!" అని ఒకడు, "కాదు, నేను!" అని ఇంకొకడు.

"నీ మనవరాలి పేరేమిటి తాతా?" అని అడిగాడు మణిధరుడు.

"పైడితల్లి!" అన్నారు ఇద్దరూ.

తాడిచ్చి లంగరు ముడి వెయ్యమన్నాడు. ఇద్దరూ వేశారు. రెండు ముళ్ళకీ వెంట్రుకవాసి తేడా లేదు. గురవయ్య తల గోక్కున్నాడు. అచ్చియ్యమ్మ ఇద్దరి చుట్టూ మూడుసార్లు తిరిగి, తెలీడం లేదంది.

మణిధరుడు కొంచెంసేపు ఆలోచించాడు. తరవాత నడుం మీద చేతులు పెట్టుకుని, ఎదురుగా కనబడుతున్న నల్లటి బండల గుట్ట చూపించాడు.

"ఓడని నేరుగా ఆ బండల మీదికి పోనియ్యండి! ఇది నా ఆజ్ఞ!"

ఒక నూకయ్య నడుం వంగిపోయేలా దణ్ణం పెట్టి, "చిత్తం యువరాజా! తమ ఆజ్ఞ!" అన్నాడు.

ఇంకో నూకయ్య చుక్కాని రెండు చేతులా వాటేసుకున్నాడు. "బుద్ధుందా బాబూ నీకు? ఓడ తునాతునకలైపోద్ది! ఇన్నాళ్ళు నేర్పింది ఇందుకేటి? నా ప్రాణం పోయినా తిప్పను, ఏం చేస్తావో చేసుకో!"

మణిధరుడు ఒక్క గెంతున వెళ్ళి, దణ్ణం పెట్టినవాడి తలపాగా లాగేశాడు. లోపలినుంచి పచ్చటి చిలకపిల్ల కీచుమంటూ ఎగరబోయింది. గురవయ్య చేతిలో ఉన్న తెరచాప గుడ్డ దానిమీద వేసి పట్టేశాడు. వేషం కరిగిపోయి కపటకేతుడు వెలవెలబోతూ నిలబడ్డాడు.

"చంపకండి! మబ్బులిచ్చేస్తాను, ఏం చెప్తే అది చేస్తాను!" అని కాళ్ళమీద పడ్డాడు.

చిలకని అచ్చియ్యమ్మ బుట్టలో పెట్టి, మూతమీద రోకలి పెట్టింది. మాంత్రికుడు దారి చూపిస్తుంటే దీవికి వెళ్ళారు. అక్కడ కుముదిని అనే రాజకుమార్తె ఉంది. తల్లీ తండ్రీ లేని పిల్ల. మాంత్రికుడు ఆమెని ఎత్తుకొచ్చి, మబ్బుల చుట్టకి కాపలా పెట్టాడు. ఆమె వచ్చినవాళ్ళని తేరిపార చూసింది. ముగ్గురు తలనెరిసినవాళ్ళు, ఒక నల్లబడిన కుర్రాడు.

"మీ ఓడకి పెద్ద ఎవరు?" అని అడిగింది.

మణిధరుడు నోరు విప్పేలోపలే ముగ్గురు ముసలివాళ్ళూ ఒక్కసారిగా అతనికేసి చెయ్యి చూపించారు.

"ఈయనే తల్లీ. మా చినబాబు" అన్నాడు నూకయ్య.

కుముదిని నవ్వింది. ఆమె, మణిధరుడు కలిసి మబ్బుల చుట్ట ఓడలోకి మోశారు.

తిరుగుదారి పొడుగునా కపటకేతుడు గిన్నెలు తోమాడు, నీళ్ళు తోడాడు. రేవు కనబడగానే మబ్బుల చుట్ట విప్పారు. చిటపటమని మొదలై, ఎడతెరిపి లేకుండా ఏడు రోజులు వాన. ఆ వానలోనే పెళ్ళి. పందిరి కారింది, వంటవాళ్ళు తడిశారు, తలంబ్రాల వేళకి వధూవరుల తలల మీద బియ్యం కంటే నీళ్ళే ఎక్కువ. ఎవరికీ పట్టలేదు. ఆడపిల్లకి నా అన్నవాళ్ళు లేరని గురవయ్యా అచ్చియ్యమ్మా పీటల మీద కూర్చుని, ఆమె చెయ్యి మణిధరుడి చేతిలో పెట్టారు. నూకయ్య పెళ్ళికొడుకు వెనక నిలబడి, ఇద్దరిమీదా తాటాకు గొడుగు పట్టుకున్నాడు.

ధవళకీర్తి తరవాత మణిధరుడే రాజయ్యాడు. అరవయ్యేళ్ళు ఏలాడు. ఆ అరవయ్యేళ్ళలో ఒక్క ఏడు కూడా చెరువులు ఎండలేదట. వాళ్ళు చల్లగా బతికి కడుపునిండా తిన్నారు. ఇక మన కంచాల్లో అన్నం ఆరిపోతోంది, లేవండి.